అందరూ ఒకేసారి ముగించాలంటే అందరికీ సమానంగా పంచకూడదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. పెద్ద పనిని ముక్కలు చేసి నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లకు పంచితే అనుకున్నంత వేగం ఎందుకు రావడం లేదని అడుగుతున్నారు. నేను 19 ఏళ్లు ఒక పరిశోధనశాలలో కంప్యూటర్ క్లస్టర్ (ఒకే పని కోసం కలిపి నడిపే కంప్యూటర్ల గుంపు) చూసుకున్నాను. ఏ మెషీన్ ఎప్పుడు మొదలుపెట్టింది, ఎప్పుడు ముగించింది అని రోజూ నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ఆ నోట్‌బుక్కులు ముందు పెట్టుకునే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా దగ్గర ఒకే మోడల్ కంప్యూటర్లు మూడు ఉన్నాయి. సర్వర్‌లో ఉన్న 2,440 స్కాన్ పేజీల్లోంచి అక్షరాలు గుర్తించే ఓసీఆర్ పనిని మూడింటికీ సమానంగా పంచాను. ఒక పేజీ పంపడానికి 1 సెకను, దాన్ని చదవడానికి 4 సెకన్లు పడుతోంది. తన వాటా ఫైళ్లన్నీ చేరాకే ఏ కంప్యూటరైనా పని మొదలుపెడుతుంది. ఎప్పుడు చూసినా మూడోదే చివర్న ముగిస్తోంది. పాడైందేమోనని దాన్ని తీసి మొదటి స్థానంలో పెట్టాను. ఈసారి దాని స్థానంలోకి వచ్చిన కంప్యూటర్ ఆలస్యం చేసింది! లోపం ఎక్కడుంది?

జవాబు: కంప్యూటర్లలో ఏ లోపమూ లేదు. స్థానాలు మార్చి చూశారు కదా, సగం జవాబు అక్కడే దొరికింది. ఆలస్యం కంప్యూటర్‌తో రావడం లేదు, వరసతో వస్తోంది.

మీ సర్వర్ ఒకసారి ఒక్క కంప్యూటర్‌కే ఫైళ్లు పంపుతోంది. మొదటిదానికి 813 పేజీలు పంపేసరికి 813 సెకన్లు. అంతసేపూ మిగతా రెండూ ఖాళీ. తర్వాత రెండోదానికి 813, ఆ తర్వాత మూడోదానికి 814. అంటే మూడో కంప్యూటర్ మొదటి పేజీని తెరిచేసరికే 2,440 సెకన్లు గడిచిపోయాయి. అది 814 పేజీలు చదివి ముగించేది 5,696వ సెకనులో. మొదటిది 4,065వ సెకనుకే పని ముగించి కూర్చుంది. దాదాపు 27 నిమిషాలు ఒక మంచి కంప్యూటర్ ఊరికే ఉంది.

ఆ 27 నిమిషాల్ని వాడుకోవాలంటే ముందు మొదలుపెట్టేవాళ్లకు ఎక్కువ, వెనక మొదలుపెట్టేవాళ్లకు తక్కువ ఇవ్వాలి. ఎంత ఎక్కువ? మొదటి కంప్యూటర్ తన పేజీలు చదువుతున్న సమయంలోనే రెండోది తన పేజీలు అందుకోవాలి, చదవాలి కూడా. ఇద్దరూ ఒకే క్షణంలో ముగించాలంటే మొదటిదాని పేజీలు × 4 అనేది రెండోదాని పేజీలు × 5కి సమానం కావాలి. అంటే మొదటిదాని వాటాలో ఐదింట నాలుగొంతులు రెండోదానికి. రెండోదాని వాటాలో మళ్లీ ఐదింట నాలుగొంతులు మూడోదానికి.

మీ 2,440 పేజీలకు ఈ లెక్క 1,000, 800, 640గా తేలుతుంది. ఒకసారి కాగితం మీద వేసి చూడండి. మొదటిది 1,000 సెకన్లు అందుకుని 4,000 సెకన్లు చదువుతుంది, మొత్తం 5,000. రెండోదానికి ఫైళ్లన్నీ 1,800వ సెకనుకు చేరతాయి, చదవడానికి 3,200, మొత్తం 5,000. మూడోదానికి 2,440వ సెకనుకు చేరతాయి, చదవడానికి 2,560, అదీ 5,000. కొత్త కంప్యూటర్ కొనలేదు, ప్రోగ్రాం మార్చలేదు. పంచే అంకెలు మూడు మార్చినందుకు 11 నిమిషాల 36 సెకన్లు కలిసొచ్చాయి. మొదటిసారి ఇలా మూడు వరసల్లోనూ 5,000 వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం మీకూ కలగాలని అంకెలన్నీ విడమరిచి రాశాను.

అందరూ ఒకేసారి ముగించడమే ఎందుకు మేలు అనే సందేహం రావచ్చు. ఒకరు ముందే ముగించి ఖాళీగా ఉన్నారంటే, చివర్న ముగిసేవారి దగ్గర్నుంచి కొంచెం పని తీసి వాళ్లకు ఇవ్వొచ్చు. ఇచ్చిన వెంటనే మొత్తం ముగియడానికి పట్టే సమయం ఇంకాస్త తగ్గుతుంది. ఇలా జరపడానికి ఎవరూ మిగలని స్థితి వచ్చిందంటే, అందరూ ఒకేసారి ముగిస్తున్నారన్నమాట.

ఇంకో రెండు మాటలు. ఓసీఆర్ ఫలితం చిన్న టెక్స్ట్ ఫైలే కాబట్టి తిరిగి పంపే సమయాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. మీ పని ఫొటోలు సరిచేసి వెనక్కి పంపడమైతే ఈ వాటాలు పనికిరావు. అందరూ ఒకే క్షణంలో ముగించి, ఒకే క్షణంలో పెద్ద ఫైళ్లు పంపాలని చూస్తే సర్వర్ దగ్గర మళ్లీ వరస కట్టాల్సి వస్తుంది. అలాంటప్పుడు ముగింపులు కూడా కొంచెం ఎడంగా ఉండేలా పంచుకోవాలి.

రెండోది, మీ మూడో కంప్యూటర్ ఇప్పటికీ 2,440 సెకన్ల దాకా ఖాళీగానే ఉంటోంది. ఫైళ్లు ఒకేసారి కాకుండా విడతలుగా పంపితే అదీ తగ్గుతుంది. ముందు మూడింటికీ తలా 100 పేజీలు పంపేస్తే మూడోది 300వ సెకనుకే పనిలో పడుతుంది. అవి చదువుతూ ఉండగానే తర్వాతి విడత వస్తుంటుంది. అయితే విడతలు మరీ చిన్నవి చేయకండి. ప్రతి విడతకీ కనెక్షన్ తెరవడం, ప్రోగ్రాం మొదలవడం లాంటి తప్పనిసరి సమయం ఉంటుంది. ఒక్కో పేజీ చొప్పున పంపితే ఆ సమయమే మిమ్మల్ని మింగేస్తుంది.

ప్రశ్న: నేను పీజీ విద్యార్థిని. కంప్యూటర్లు ఒకేలా లేనప్పుడు ముందు ఎవరికి పంపాలి? బాగా వేగమైన ప్రాసెసర్‌కే ముందు పంపాలని నేను రాస్తే మా సార్ తప్పన్నారు, కారణం చెప్పలేదు. ఈ విషయాన్ని మొదట ఎవరు లెక్క కట్టారు? ఏం చదవాలి?

జవాబు: మీ సార్ చెప్పింది నిజం. కారణం మనమే లెక్క వేసి తెలుసుకుందాం.

రెండు కంప్యూటర్లు తీసుకోండి. మొదటిదాని లింక్ (సర్వర్ నుంచి దానికి ఫైళ్లు వచ్చే దారి) వేగం, ప్రాసెసర్ నెమ్మది: ఒక ఫైల్ చేరడానికి 1 సెకను, చేయడానికి 8 సెకన్లు. రెండోదాని లింక్ నెమ్మది, ప్రాసెసర్ వేగం: చేరడానికి 3 సెకన్లు, చేయడానికి 2 సెకన్లు. మొత్తం ఫైళ్లు 2,600. చాలామంది రెండోదాన్నే ముందు ఎంచుకుంటారు, అది ఒక్కో ఫైల్ రెండే సెకన్లలో తేల్చేస్తుంది కాబట్టి. అలా పంచి, ఇద్దరూ ఒకేసారి ముగించేలా వాటాలు సరిచేస్తే దాదాపు 10,640 సెకన్లు పడుతుంది. వరస తిప్పి, నెమ్మది ప్రాసెసర్‌కి ముందు 1,000 ఫైళ్లు, తర్వాత వేగమైనదానికి 1,600 పంపండి. సరిగ్గా 9,000 సెకన్లలో రెండూ ముగుస్తాయి.

ఎందుకంటే, ఒకరికి పంపుతున్నంతసేపూ మిగతావాళ్లు ఎదురుచూస్తుంటారు. లింక్ వేగంగా ఉన్నవాళ్లకు ముందు పంపేస్తే ఆ ఎదురుచూపు తగ్గుతుంది. ప్రాసెసర్ వేగం ఎంత వాటా ఇవ్వాలో నిర్ణయిస్తుంది, లింక్ వేగం ఎవరికి ముందు ఇవ్వాలో నిర్ణయిస్తుంది. సమయం ఫైళ్ల సంఖ్యకు తగ్గట్టు పెరిగేటప్పుడు, ప్రతి పంపకానికీ విడిగా స్థిరమైన సమయం లేనప్పుడు ఈ నియమం ఖాయం. ఆ స్థిరమైన సమయం కూడా చేరితే లెక్క ఒక్కసారిగా కష్టమైపోతుంది. అసలు ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని వదిలేయాలి అన్నదే చిక్కు ప్రశ్న అవుతుంది. పరీక్షలో ఈ షరతు రాయడం మరిచిపోకండి.

దీనికి డివిజిబుల్ లోడ్ థియరీ అని పేరు. పనిని ఎక్కడ కావాలంటే అక్కడ, ఎంత కావాలంటే అంత కోయొచ్చని అనుకుని లెక్క కట్టే పద్ధతి ఇది. 1988లో అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో వై.సి. చెంగ్, థామస్ రాబర్టాజీ ఒక పరిశోధన పత్రం రాశారు. వాళ్లు తీసుకున్నది ఒకదాని పక్కన ఒకటిగా కలిపిన ప్రాసెసర్ల వరస. కొలతలు తీసుకున్న సెన్సర్ తన ప్రాసెసర్‌తో తానే ఎంత లెక్క చేసుకోవాలి, పక్కవాళ్లకు ఎంత పంపాలి అన్నది వాళ్ల ప్రశ్న. అదే ఏడాది రాకేష్ అగ్రవాల్, హెచ్.వి. జగదీశ్ విడిగా ఇలాంటి ఆలోచనతోనే ఇంకో పత్రం రాశారు. మన దేశానికీ ఇందులో పెద్ద పాత్రే ఉంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఏరోస్పేస్ విభాగానికి చెందిన దేబాశీష్ ఘోష్, వి. మణి, అక్కడే పరిశోధన చేసిన భరద్వాజ్ వీరవల్లి, రాబర్టాజీతో కలిసి 1996లో తెచ్చిన 'షెడ్యూలింగ్ డివిజిబుల్ లోడ్స్ ఇన్ ప్యారలల్ అండ్ డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్' ఈ విషయానికి మూల గ్రంథం. అందులో మొదటి అధ్యాయాలు చదవడానికి బీజగణితం వస్తే చాలు. అంత పెద్ద ప్రశ్నకు కాగితం మీద, కలంతో జవాబు రాబట్టవచ్చని చూపించారు. నాకు ఈ విషయం మీద ఇష్టం పుట్టింది అక్కడే.

ప్రశ్న: మా క్లస్టర్‌లో 10 కంప్యూటర్లున్నాయి. 20కి పెంచితే పని సగం సమయంలో అవుతుందని పైవాళ్లకు రాసి ఇచ్చాను. సరేనా?

జవాబు: దయచేసి ఆ కాగితం వెనక్కి తీసుకోండి.

పైన మొదటి జవాబులో వేసిన లెక్కనే పొడిగిద్దాం. పంపడానికి 1 సెకను, చేయడానికి 4 సెకన్లు, 2,440 పేజీలు. 3 కంప్యూటర్లతో 5,000 సెకన్లు. 5 అయితే సుమారు 3,630. 10 అయితే సుమారు 2,735. 20 అయితే సుమారు 2,470. చూశారా, పది నుంచి ఇరవైకి పోతే దక్కేది నాలుగున్నర నిమిషాల్లోపే. వంద పెట్టినా 2,440 కంటే కిందికి రాదు, ఎందుకంటే ఒకే సర్వర్ ఒకే లింక్ మీద 2,440 పేజీలు పంపడానికి అంత సమయం పట్టి తీరుతుంది.

మీ పనిలో ఈ అంకెలు వేరుగా ఉండొచ్చు. ఒక ఫైల్ చేరడానికి ఎంత, చేయడానికి ఎంత అని కొలిచి చూడండి. చేయడానికి పట్టే సమయం చేరడానికి పట్టేదానికి వందల రెట్లుంటే 20 కంప్యూటర్లు నిజంగానే పనికొస్తాయి. నాలుగైదు రెట్లే ఉంటే ఆ డబ్బు నెట్‌వర్క్ మీద పెట్టండి. లేదా డేటాను రెండు సర్వర్లలో ఉంచి రెండు వైపుల నుంచీ పంచండి. నేను పనిచేసిన చోట కొలవకుండా మెషీన్లు కొన్న సందర్భాలున్నాయి. వాటిలో కొన్ని పగలంతా వెలుగుతూ, ఫైళ్ల కోసం ఎదురుచూస్తూ ఉండటం చూసి చాలా బాధపడ్డాను.

ప్రశ్న: పెద్ద టెక్స్ట్ ఫైల్‌లో ఒక వాక్యం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. ఒక్క కంప్యూటర్‌లో నడిపితే సరిగ్గా వస్తోంది. ఎనిమిది ముక్కలు చేసి పంచితే రెండు మూడు తగ్గుతున్నాయి.

జవాబు: మీరు కోసిన చోటే అవి పోతున్నాయి. వాక్యం సగం ఒక ముక్క చివర్లో, సగం తర్వాతి ముక్క మొదట్లో పడితే ఎవరికీ కనపడదు. మీరు వెతికే వాక్యంలో 20 అక్షరాలుంటే, ప్రతి ముక్కకీ తర్వాతి ముక్కలోని మొదటి 19 అక్షరాలు అదనంగా జత చేయండి. పంతొమ్మిదే, ఇరవై కాదు. ఇరవై జత చేస్తే ఒకే వాక్యాన్ని ఇద్దరూ లెక్కపెట్టే ప్రమాదం ఉంది. తెలుగు టెక్స్ట్ అయితే ఒత్తులు, గుణింతాల వల్ల కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది కంప్యూటర్‌కి రెండు మూడు సంకేతాలు కావచ్చు, కాబట్టి సంకేతాల్నే లెక్కపెట్టండి.

భూమికి అవతల తెలివైన జీవులున్నారేమోనని రేడియో సంకేతాల్లో వెతకడానికి 1999లో మొదలైన సెటీ ఎట్ హోమ్ ప్రాజెక్టులోనూ ఈ జాగ్రత్తే తీసుకున్నారు. ఆరెసిబో రేడియో టెలిస్కోప్ నుంచి వచ్చిన 2.5 మెగాహెర్ట్జ్ వెడల్పు సంకేతాల్ని 256 పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీలో దాదాపు 107 సెకన్ల ముక్కను ప్రపంచమంతటా ఇళ్లలో ఉన్న కంప్యూటర్లకు పంపేవాళ్లు. పక్కపక్క ముక్కలు కొన్ని సెకన్ల పాటు ఒకదాని మీద ఒకటి ఉండేలా కోసేవాళ్లు, ఏ సంకేతమూ కోతలో పోకూడదని. పైగా ఒక్కో ముక్క 350 కిలోబైట్ల లోపే, దాని మీద లెక్క మాత్రం గంటలకొద్దీ. పంపే ఖర్చు తక్కువ, చేసే పని ఎక్కువ. అందుకే అప్పటి నెమ్మది డయలప్ కనెక్షన్ల మీద కూడా అంత పెద్ద పంపకం సాధ్యమైంది.

ప్రశ్న: మేడమ్, మీరు చెప్పే లెక్కలన్నీ నేనూ వేసుకున్నాను. వాటాలు సరిగ్గానే ఇచ్చాను. అయినా రోజూ ఒకే మెషీన్ గంటలకొద్దీ వెనకబడుతోంది. రాత్రి పని పెట్టి పొద్దున్నే వచ్చి చూసేదాకా ఒకటే టెన్షన్. నిజమైన నెట్‌వర్క్‌లో ఈ థియరీ నిలబడుతుందా?

జవాబు: నిలబడుతుంది. మీరు దానికి ఇచ్చిన అంకెలు నిజమైతేనే.

మీ ఉత్తరం చదవగానే నా పాత నోట్‌బుక్ ఒకటి తీశాను. పన్నెండు మెషీన్లు, రాత్రంతా నడిచే పని. పదకొండు మెషీన్ల పక్కన తెల్లవారుజామున 4:40కీ 5కీ మధ్య సమయాలు రాసి ఉన్నాయి. ఏడో నంబరు పక్కన మాత్రం 9:25. మర్నాడూ అంతే. డిస్క్ పాడైందనుకుని మార్చాను. మెమరీ పరీక్ష ఒక రాత్రంతా నడిపాను. సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మూడు రోజులు పోయాయి. నాలుగో రోజు సాయంత్రం గదిలో లైట్లు ఆర్పి తలుపు వేయబోతూ వెనక్కి చూశాను. నెట్‌వర్క్ స్విచ్ (మెషీన్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టె) మీద వరసగా ఆకుపచ్చ దీపాలు, వాటి మధ్య ఏడో మెషీన్ కేబుల్ గుచ్చిన పోర్ట్ దగ్గర ఒక్కటే నారింజ రంగు.

ఆ స్విచ్‌లో నారింజ అంటే 1,000 మెగాబిట్లకు బదులు 100 మెగాబిట్ల వేగమని అర్థం. కేబుల్ పట్టుకుని వెళ్తే, అది బల్ల కాలి కింద నలిగి ఉంది. గిగాబిట్ (1,000 మెగాబిట్ల) వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒకటి తెగిపోతే చాలాసార్లు కనెక్షన్ పోదు, వేగం పదో వంతుకు పడిపోయి నడుస్తూనే ఉంటుంది. పింగ్ కొడితే (అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) జవాబొస్తుంది, ఫైల్ కాపీ అవుతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. అందుకే ఎవరూ దాన్ని అనుమానించరు. నేను ఇచ్చిన వాటాలన్నీ అన్ని లింకులూ ఒకే వేగమన్న నమ్మకం మీద కట్టినవి. లెక్క తప్పు కాలేదు, నా నమ్మకమే తప్పైంది.

అప్పటినుంచి పని పంచే ముందు ప్రతి మెషీన్‌కీ ఒక చిన్న నమూనా, 20 ఫైళ్లు చాలు, పంపి రెండు సమయాలు కొలిచేదాన్ని: చేరడానికి ఎంత, చేయడానికి ఎంత. పోయిన నెల కొలిచిన అంకెలు కాదు, ఈ రాత్రివి. ఐదు నిమిషాల పని ఇది. ఈ కొలతలతో వాటాలు వేస్తే ముగింపు సమయాలు నిమిషాల తేడాలోకి వచ్చేవి.

కొలిచాక కూడా రాత్రి మధ్యలో ఏదో మెషీన్ మీద ఇంకో పని పడొచ్చు. దానికి నేను పాటించిన పద్ధతి, మొత్తంలో దాదాపు నాలుగింట మూడొంతులు లెక్క ప్రకారం ముందే పంచేసి, మిగతా వంతును చిన్న ముక్కలుగా దగ్గర ఉంచుకోవడం. ఎవరు ఖాళీ అయితే వాళ్లకు ఒక ముక్క, పోనుపోను ఇంకా చిన్న ముక్కలు. చివరి ముక్క చిన్నదైతే ఎవరైనా వెనకబడినా ఎక్కువసేపు వెనకబడరు.

గూగుల్ ఇంజనీర్లు జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ 2004లో మ్యాప్‌రెడ్యూస్ (పెద్ద పనిని చాలా మెషీన్లకు పంచి చేయించే వాళ్ల పద్ధతి) గురించి రాసిన పత్రంలో ఇంకో ఉపాయం ఉంది. పని ముగింపుకొచ్చాక ఇంకా నడుస్తున్న ముక్కలకు ఇంకో కాపీని వేరే మెషీన్ మీద కూడా మొదలుపెడతారు. ఏది ముందు ముగిస్తే దాన్ని తీసుకుంటారు. డేటాను వరస క్రమంలో పెట్టే వాళ్ల సార్టింగ్ పరీక్ష ఈ ఉపాయంతో 891 సెకన్లలో ముగిసింది. అది ఆపేస్తే 1,283 సెకన్లు పట్టింది. వెనకబడిన కొద్ది ముక్కల కోసమే అంత తేడా! మీ ప్రోగ్రాంలో ఒకే ముక్కను రెండుసార్లు చేసినా నష్టం లేకపోతే ఇది తప్పకుండా పెట్టుకోండి.

అయితే ముందు ఇవాళ సాయంత్రమే ఒక పని చేయండి. రోజూ వెనకబడేది ఒకే మెషీన్ అని రాశారు కాబట్టి చెబుతున్నాను. దాంట్లో లినక్స్ ఉంటే ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో లింక్ వేగం ఎంతుందో చూడండి. పక్క మెషీన్లలో 1000 ఉండి దాంట్లో 100 కనిపిస్తే, వాటాల జోలికి పోకుండా కేబుల్ మార్చండి. మార్చాక ముగింపు సమయాలు నాకు రాయండి.